సంతకం కింది చుక్క

మక్తల్‌లో బస్సు దిగేసరికి చినుకులు మొదలయ్యాయి. ఎల్లస్వామి తడిసిన తలతోనే కవి దుర్గయ్య ఇంటి తలుపు తట్టాడు. నల్గొండ గ్రంథాలయం చూసుకునే ఈ యువకుడికి ఒకటే పిచ్చి, మంచి జాబులు దాచడం. తన గురువు రామచంద్రయ్యకు చూపు పోయాక, ఆయన స్నేహితుడు దుర్గయ్య పంపే జాబులు చదివి వినిపించేదీ, జవాబులు రాసేదీ అతనే. దుర్గయ్య దగ్గరున్న గురువుగారి జాబులు కూడా అడిగి తెచ్చి, అన్నీ ఒకే పెట్టెలో దాచాలని వచ్చాడు.

తలుపు తీసిన అమ్మాయి అతన్ని పైనుంచి కిందికి చూసింది.

“బాపు లేడు.”

“ఎప్పుడొస్తడు?”

“రాడు. పోయి రెండేండ్లాయె.”

ఎల్లస్వామి జేబులోంచి జాబు తీశాడు. “నేను ఎల్లస్వామిని, రామచంద్రయ్య సారుకు జాబులు చదివేటోన్ని. ఇది పోయిన బేస్తవారం వచ్చింది. మరి గిది ఎవరు రాసిన్రు?”

ఆమె గదిలోకి తీసుకెళ్లింది. ఖాళీ కుర్చీ, బల్లమీద మడిచిన కళ్లజోడు, మూత తీసిన సిరాబుడ్డి. కూర్చోకుండానే కలం ముంచి ‘ఎల్లస్వామి’ అని రాసింది. అచ్చం పోయినాయన దస్తూరి.

“బాపు అక్షరాల మీదనే దిద్దిన. నాకు వేరే దస్తూరి లేదు,” అంది దుర్గయ్య కూతురు శ్యామలమ్మ. “చావు కబురు మూడుసార్లు రాసి చింపిన. మీ ముసలాయన తట్టుకోడు. మీరు గూడ చెప్పొద్దు.”

రెండేళ్లుగా ప్రతి జాబు చివరా ఒక ప్రశ్న ఉండేది: ‘చదివే పిలగాడు తిన్నడా?’ ఆ ఒక్క వాక్యం కోసమే ఎల్లస్వామి టపా కోసం ఎదురుచూసేవాడు.

“గట్ల అడిగింది మీరా?”

“తిన్నరా మరి?”

అతని చెవులు ఎర్రబడ్డాయి. మాట మార్చాడు. “పాత జాబులల్ల సంతకం కింద చుక్క ఉండేది. ఎందుకు మానేసిన్రు?”

“అది బాపు గురుతు. అదొక్కటి నేను పెట్ట.”

గురువుగారి జాబుల కట్ట అందుకుంటూ అతను తెగించాడు. “మిమ్మల్ని చేసుకోవాలంటే ఎవరినడగాలె?”

“నాకు బాపు తప్ప ఎవరున్నరు? ఆయనకే జాబు రాయండ్రి,” అంది నవ్వు ఆపుకుంటూ.

అతను నిజంగానే దుర్గయ్యకే జాబు రాశాడు. వారానికి మక్తల్ ముద్రతో జవాబు వచ్చింది. నాలుగు మూలలా పసుపు. ‘నా బిడ్డను నీకిస్తున్న.’ సంతకం కింద చుక్క. తనకోసం చుక్క కూడా పెట్టిందని పొంగిపోయి మరునాడే బస్సెక్కాడు.

శ్యామలమ్మ చేతిలో ఖాళీ కాయితం ఉంది.

“గింత తొందరేంది? జవాబు రాద్దామని ఇప్పుడే కూసున్న.”

ఎల్లస్వామి జేబులో చెయ్యి పెట్టాడు. జాబు చేతికిచ్చాడు. ఆమె చుక్కను చూసి మూలను వేలితో తాకింది. పసుపు ఇంకా తడిగానే ఉంది. వెనక్కి తిరిగి గదిలోకి చూసింది. బల్లమీది కళ్లజోడు విప్పి ఉంది.

ఆమె కళ్లు తుడుచుకుంది.

“లోపలికి రాండ్రి,” అంది. “బాపు ఒప్పుకున్నడు.”