సగం తిన్న విస్తరి

"రామ్‌లాల్ దొరికాడు" అన్నాడు చీఫ్ అనంతరావు.

"ఎక్కడ?"

"బొంబాయి ఎయిర్‌పోర్టులో. విమానం దిగాడు, మన వ్యాను ఎక్కాడు. ఈ క్షణం నుంచి కెన్నెత్ రామ్‌లాల్‌వి నువ్వే."

1994 మే నెల. హైదరాబాదులో 'విత్తన పరిశోధన సంస్థ' అని బోర్డు పెట్టుకుని, ఏనాడూ ఒక్క విత్తనం మొహం చూడని ఆఫీసు అది. ఏజెంట్ విద్యాసాగర్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"నువ్వు ట్రినిడాడ్ ఇంజనీరువి. నీ ముత్తాత ఓడెక్కి చెరుకు తోటలకు వెళ్ళాడు. నీకు ఇంగ్లీషు తప్ప మరో భాష రాదు."

"తెలుగు?"

"ఒక్క ముక్క రాదు. చెయ్యి కాలినా సరే, తెలుగులో అరవకూడదు."

బ్రీఫింగ్ క్లుప్తంగా సాగింది. విదేశీ కంపెనీలకు దేశం తలుపులు తెరిచాక ప్రతి విమానంలోనూ డజను మంది ఇంజనీర్లు దిగుతున్నారు. వాళ్ళ మధ్య ఒక గూఢచారి ముఠా కూడా దిగింది. ఆ ముఠా ఏ దేశానిదో ఫైల్లో నల్ల సిరాతో కొట్టేశారు. మహారాష్ట్రలోని చంద్రపూర్ దగ్గర ఒక రక్షణ ప్రయోగశాలలోని బాంబు ఫ్యూజు డ్రాయింగులను ఆ ముఠా ఫ్లాపీలోకి ఎక్కించింది. ఆదివారం మధ్యాహ్నం అది రామ్‌లాల్ చేతికి అందాలి. వాళ్ళెవరూ రామ్‌లాల్‌ని ఇంతవరకూ చూడలేదు.

"ఎక్కడ అందిస్తారు?"

"చంద్రపూర్ బాబుపేట్‌లో, భోజనం దగ్గర. ప్రయోగశాలలో అసిస్టెంట్ సంజీవ్ అనే అతని ఇంట్లో."

"అతను ద్రోహియా?"

"పిచ్చి మారాజు. ఫారిన్ ఇంజనీరు తన ఇంట్లో భోంచేస్తాడని వీధంతా చాటుకున్నాడు. ఈ ఏర్పాటు చేసింది దుబాసీ రేష్మ. ముఠాలో మనం పెట్టిన మనిషి. నువ్వెవరో ఆమెకు తెలియదు. తెలియనక్కర్లేదు కూడా."

పెన్నులో ట్రాన్స్‌మిటర్. కోటు లోపలి జేబులో పిస్తోలు. వీధి చివర కుల్ఫీ బండితో మన ఏజెంట్ సమ్మన్న. విద్యాసాగర్ కుల్ఫీ కొంటే అంతా క్షేమం. 'నో కుల్ఫీ టుడే' అన్నాడంటే, ముఠాని పట్టుకోమని.

"ఇంతేనా?" అన్నాడు విద్యాసాగర్.

"ఇంతే. వెళ్ళు, తిను, రా" అన్నాడు చీఫ్.

*

ఆదివారం ఒంటిగంటకు జీపు బాబుపేట్ సందులో ఆగింది. చంద్రపూర్ మే ఎండ గురించి చెప్పుకోవడం దండగ, అనుభవించాల్సిందే. రేష్మ ముందు దిగింది. లేత నీలం చీర, నల్ల కళ్ళద్దాలు, భుజాన తోలు బ్యాగు. సందులో సైకిళ్ళు తొక్కేవాళ్ళు తొక్కడం మానేసి చూశారు. డ్రైవరు దిగలేదు. వాడి సీటు కింద తుపాకీ ఉందని విద్యాసాగర్ కూర్చున్నప్పుడే గమనించాడు.

గడపలో సంజీవ్ తల్లి భూదేవి చెంబుతో నీళ్ళు పట్టుకుని నిలబడింది. కోర్పణ దగ్గరి పల్లె నుంచి కొడుకు ఉద్యోగం కోసం పట్నం చేరిన సరిహద్దు తెలుగు రైతు కుటుంబం. కోడలు పుట్టింటికి గడ్‌చాందూర్ వెళ్ళింది. ఇంట్లో ఉన్నది ముగ్గురే: భూదేవి, ఆమె భర్త దేవన్న, సంజీవ్.

"అయ్యో, గింత ఎండల గా కోటేంది? తియ్యమను సంజీవ్. ఉడికిపోతుండు పిలగాడు" అంది భూదేవి. సంజీవ్ ఇంగ్లీషులోకి మార్చేలోపే కోటు ఆమె చేతుల్లోకి వెళ్ళిపోయింది. అటు నుంచి లోపలి గదిలో మేకుకి. దాంతో పాటే పిస్తోలూ, పెన్నూ. మూడు దేశాల పోలీసులు చేయలేని పని భూదేవి అర నిమిషంలో చేసింది.

నేల మీద వరసగా మోదుగాకు విస్తళ్ళు పరిచారు. మొదట దేవన్న, పక్కన సంజీవ్, తరవాత విద్యాసాగర్, చివర రేష్మ. వంటింటి గుమ్మంలోంచి పెరట్లో బావి, ఇవతల కొత్త గ్యాస్ సిలిండర్ కనిపిస్తున్నాయి. దానికి పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టారు.

"రేష్మ మేడమే తెప్పించింది. రెండేండ్ల సంది నంబరు రాలే. మేడమ్ ఒక్క ఫోన్ కొట్టింది, మొన్ననే వచ్చింది" అన్నాడు సంజీవ్ గర్వంగా, తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి.

"నాకు భయం బాబు. ఇయ్యాల్టి వంట కట్టెల మీదనే చేసిన" అంది భూదేవి.

జొన్నరొట్టె, పుంటికూర (గోంగూర) పప్పు, మటన్, చింతతొక్కు. విద్యాసాగర్ స్పూను అడిగి పుంటికూరని దాంతో పొడిచాడు. కరీంనగర్‌లో పుట్టినవాడికి అంతకన్నా శిక్ష లేదు. భూదేవి అతని విస్తట్లో మరో రొట్టె వేసి భర్తతో అంది:

"ఎవలి కొడుకో పాపం. ఎన్ని సముద్రాలు దాటొచ్చిండో. ఇంటి అన్నం తిని ఎన్ని దినాలైందో ఏమో, గట్ల బక్కగున్నడు."

ఆ మాట అతనికి తగలాల్సిన చోటే తగిలింది. హోటళ్ళలో, రైళ్ళలో, మారుపేర్లతో తిన్న పన్నెండేళ్ళ తిండి గుర్తొచ్చింది. తల్లి పోయాక ఇంకా తిను అని ఎవరూ అనలేదు. అర్థం కానట్టు నవ్వడం చాలా కష్టమైంది.

గోడ గడియారంలో ఒంటిగంటా ముప్పై అయిదు. సంజీవ్ తండ్రికి రొట్టె చిన్న ముక్కలుగా తుంచి పెడుతున్నాడు. రేష్మ నవ్వు చెదరకుండా, ఇంగ్లీషులో, విద్యాసాగర్ చెవికి మాత్రమే వినిపించేలా అంది:

"మిస్టర్ రామ్‌లాల్, త్వరగా తినండి. సరిగ్గా రెండింటికి ఈ ఇల్లు ఉండదు."

స్పూను ఆగింది.

"సిలిండర్ అడుగున టైమర్ పెట్టించాను. పేపర్లో గ్యాస్ ప్రమాదం అని వస్తుంది. పోలీసుల సోదాలో, ప్రయోగశాలలోని సంజీవ్ డెస్కులో దొంగిలించిన డ్రాయింగులు దొరుకుతాయి. దొంగ చచ్చాడు, కేసు ముగిసింది. ఫ్లాపీ నా బ్యాగులో ఉంది, జీపెక్కాక ఇస్తాను."

"వీళ్ళకి అనుమానం వస్తే?"

"నా బ్యాగులో పిస్తోలుంది. బయట డ్రైవరున్నాడు."

మన మనిషి అని చీఫ్ చెప్పిన మనిషి ఈమే! విద్యాసాగర్ స్పూను మళ్ళీ పప్పులో పెట్టాడు. తెలుగులో ఒక్క కేక వేస్తే మొదటి గుండు భూదేవికే తగలవచ్చు. పెన్ను మేకుకి వేలాడుతోంది. సమ్మన్న సందు చివర కుల్ఫీలు అమ్ముకుంటున్నాడు.

ఒంటిగంటా నలభై. రేష్మ చెయ్యి తుడుచుకుంటూ లేవబోయింది.

"కూసో బిడ్డా" అన్నాడు దేవన్న తల ఎత్తకుండా. "పంక్తిల పెద్దోడు లేసినంకనే అందరు లేసుడు. ఒక్కలు లేస్తే అందరి అన్నం ఆగినట్టే."

రేష్మ కూర్చుంది. దేవన్నకి నాలుగే పళ్ళున్నాయి. వాటితో ఆయన మటన్ ముక్కను తీరిగ్గా నములుతున్నాడు. రేష్మ నుదుటి మీద మొదటిసారి చెమట కనిపించింది. బాంబు పెట్టిన మనిషికీ, దాన్ని ఆపాల్సిన మనిషికీ అదే పంక్తి, అదే ముసలాయన దవడ.

"లేద్దాం, ఏదో ఒకటి చెప్పి" అంది ఆమె పళ్ళ బిగువున.

ఇద్దరూ లేచి వెళ్ళిపోవచ్చు. ఆమెకు కావలసిందీ అదే. వీళ్ళు ముగ్గురూ తిరిగి పంక్తిలో కూర్చుంటారు, రెండవుతుంది. ఈ ముగ్గురినీ అనుమానం రాకుండా ఇల్లు దాటించాలి. ఎలా?

ఒంటిగంటా నలభై ఎనిమిది. భూదేవి మామిడి రసం గిన్నెతో వచ్చి అతని ముందు వంగింది. అప్పుడు విద్యాసాగర్‌కి దారి కనిపించింది. అది ఎంత నీచమైన దారో కూడా ఆ క్షణమే తెలిసింది. ఈ వైపు ఇళ్ళలో అతిథి కోపంతో విస్తరి ముందు నుంచి లేచిపోతే ఆ ఇంట్లో ఎవరికీ మెతుకు దిగదు. ఇల్లంతా వెంటపడి, బతిమాలి, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కూర్చోబెడితే గాని ఊరుకోరు. చిన్నప్పుడు పెళ్ళిళ్ళలో అలిగిన బావల వెనక మేళంతో సహా పరుగెత్తిన జనాన్ని అతను చూశాడు.

అతను విస్తరిని కాలితో తోశాడు. రసం నేల మీద ఒలికింది.

"ఇది కుక్కలు కూడా తినవు!" ఇంగ్లీషులో అరిచి, గుమ్మం దాటాడు.

సంజీవ్ మొహం నల్లబడింది.

"ఏమంటుండు? ఏమంటుండు సంజీవ్?" అంటోంది భూదేవి.

"కూర... కారమైందంటుండమ్మా" అన్నాడు కొడుకు. ఆ అబద్ధం విద్యాసాగర్‌కి వీపులో గుచ్చుకుంది. ఆగకుండా నడిచాడు.

పక్కనే పరుగెత్తుకొచ్చిన రేష్మ "శభాష్" అంది. ఆ మెప్పు పది అడుగులు కూడా నిలవలేదు.

"సాహెబ్! ఆగుండ్రి సాహెబ్!" సంజీవ్ వెనకే వస్తున్నాడు. ఎంగిలి చేతితో దేవన్న. డెబ్బై ఏళ్ళలో మొదటిసారి సగం పంక్తిలో లేచాడు ఆయన. "పావుణ అలిగిండట, సుట్టం లేసిపోయిండట" అన్న మాట సందంతా పాకింది. ప్రతి గుమ్మంలోంచీ ఇద్దరు ముగ్గురు బయటికొచ్చారు. ఒకడు చెయ్యి పట్టుకున్నాడు, ఒకామె మజ్జిగ చెంబు అందించబోయింది. నలభై మంది. డ్రైవరు సీటు కింద చెయ్యి పెట్టి, అంతమందిని చూసి మళ్ళీ తీసేశాడు.

రేష్మకు అర్థమైంది. "వీళ్ళని లోపలికి పంపించు!" అని బుసకొట్టింది. విద్యాసాగర్ కుల్ఫీ బండి దగ్గర ఆగాడు.

"నో కుల్ఫీ టుడే."

సమ్మన్న బండిని జీపుకి అడ్డంగా తోశాడు. మజ్జిగ చెంబు పట్టుకున్నామె కూడా సమ్మన్న మనిషే; రేష్మ మణికట్టు వెనక్కి విరిచింది. కుల్ఫీ తింటున్న మరో ఇద్దరు సమ్మన్న మనుషులు డ్రైవరు మీద పడ్డారు. బ్యాగులోంచి ఫ్లాపీ, పిస్తోలు రెండూ రోడ్డు మీద పడ్డాయి. జనం నోళ్ళు తెరిచి చూస్తున్నారు.

విద్యాసాగర్ లెక్క చూసుకున్నాడు. సంజీవ్. దేవన్న.

"మీ అమ్మేది?" తెలుగులో అరిచాడు.

సంజీవ్ అదిరిపడ్డాడు. "అమ్మనా? ఉపాసం పోవద్దని... మీకు టిఫిన్ల రొట్టె కట్టిస్తనని లోపలికి..."

ఒంటిగంటా యాభై తొమ్మిది. అతను పరుగెత్తాడు. ఇంత భయం అతనికి ఏ సరిహద్దులోనూ వేయలేదు. తను అన్న ఆ మాటే ఆమె వినే ఆఖరి మాట అయితే? గుమ్మం. ఒలికిన రసం. వంటింట్లో భూదేవి, సిలిండర్‌కి ఆనుకుని కూర్చుని, డబ్బాలో రొట్టెలు సర్దుతూ కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది.

"అవ్వా, లే! బయటికి పో!"

ఆమె నోరు తెరిచి అలాగే ఉండిపోయింది. అతను సిలిండర్ వంచాడు. అడుగున అయస్కాంతంతో అతుక్కున్న నల్ల పెట్టె. అంకెలు పదకొండు, పది. వేళ్ళు జిడ్డుకి జారాయి. ఏడు. గోళ్ళు విరిగినా వదల్లేదు. నాలుగు. పెట్టె ఊడింది. పెరటి తలుపులోంచి బావిలోకి విసిరి ఆమెను కింద పడేసి మీద పడ్డాడు.

భూమి కదిలింది. బావిలోంచి నీళ్ళు తాటిచెట్టంత లేచి, పెంకుల మీద వానలా కురిశాయి.

*

గంట తర్వాత రేష్మనీ, డ్రైవరునీ సమ్మన్న అదే జీపులో తీసుకెళ్ళిపోయాడు. విద్యాసాగర్ తనెవరో, ఏం జరిగిందో మొత్తం చెప్పాడు. సంజీవ్ రెండు చేతులూ పట్టుకుని ఏడ్చాడు. దేవన్న దండం పెట్టబోతే ఆపాడు. భూదేవి మాత్రం గోడకి ఆనుకుని, తడిసిన చీరతోనే, అతన్ని ఎగాదిగా చూస్తోంది.

"అవ్వా, నీ కూర బాగలేక కాదు. మిమ్మల్ని బయటికి తేవడానికే అట్ల అన్న. కాళ్ళు మొక్కుత, మాఫ్ చెయ్" అన్నాడు అతను.

"బాంబు సంగతి నాకెరుక లేదు. గది సర్కారోళ్ళు చూసుకుంటరు" అంది భూదేవి. "తెలుగోనివేనా నువ్వు?"

"అవును అవ్వా. కరీంనగర్."

"కరీంనగరోనివై ఉండి పుంటికూర చెంచాతోని తింటవారా?"

విచారణలో ఎప్పుడూ నోరు విప్పని రికార్డున్న ఏజెంట్ విద్యాసాగర్ తల వంచుకుని, "తప్పైంది" అని ఒప్పేసుకున్నాడు.