చురుగ్గా ఉన్నవాటికి నీలం కార్డు

మా మూడో నంబరు గదిలో పొద్దున్నే చీకటి పడుతుంది. చిట్టెలుకలు మేలుకునేది చీకట్లోనే. మేం పనిచేసే వేళకి అవీ మేలుకుని ఉండాలని అక్కడ రాత్రినీ పగలునీ తారుమారు చేసి పెట్టారు. రాత్రంతా లైట్లు, పగలంతా చీకటి. మాకు చూపు ఆనడానికి మూలన ఓ ఎర్ర బల్బు. రంపపు పొట్టు వాసన, దాని అడుగున ఉచ్చ వాసన. మొదటి వారం ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకున్నా. తర్వాత ఆ తలుపు పక్కనే కూర్చుని నా అన్నం డబ్బా విప్పుకుని తినేదాన్ని.

నేను పెద్దగా చదువుకోలేదు. పొట్టు మార్చే పనికి చేరి, చెత్తబుట్టలో పడేసిన కాగితాలు ఏరుకుని చదివి నేర్చుకున్నా. ఈ ఎలుకలకి మెదడులో కణితి పెరగాలని పుట్టకముందే జన్యువులు మార్చేస్తారు. అందరి తలరాతా దేవుడు రాస్తాడంటారు. వీటిది ఈ ల్యాబు నడిపే మా మేడమ్ రాసింది.

సగం ఎలుకలకి కొత్తగా పరీక్షిస్తున్న మందు. సగానికి, పోల్చి చూసుకోడానికి, ఉత్త నీళ్లు. మందువాటిని ఉంచిన గాజులాంటి ప్లాస్టిక్ డబ్బాకి నీలం కార్డు, ఎలుక ఎడమ చెవి అంచున చిన్న చిల్లు. నీళ్లవాటికి తెల్ల కార్డు, చిల్లు కుడి చెవికి. "కార్డు పోవచ్చు గానీ చెవి ఎక్కడికీ పోదు," అనేది మేడమ్.

మా అక్కకీ అదే కణితి. స్కానింగ్ చూపించిన రోజు, "నా బుర్రలో ఏదో ఉందని ఇన్నాళ్లకి ఒప్పుకున్నారే," అని తనే నవ్వింది. బావ నవ్వలేదు. ఆ మందు వేరే జబ్బుకి ఎప్పటినుంచో వాడేదే. మా ఎలుకల మీద పనిచేస్తే అక్కకీ మొదలుపెడదామని అక్కకి వైద్యం చేసే డాక్టరు మా మేడమ్ కబురు కోసం కాచుకుని ఉన్నాడు.

ఆఖరి లెక్కకి ముందురోజు డబ్బాలు తుడుస్తూ కార్డులన్నీ తీసి ట్రేలో పెట్టా. ట్రే జారింది. ఇరవై కార్డులు తడి నేల మీద కలిసిపోయాయి. ఒక్కో ఎలుకనీ ఎత్తి చెవి చూడాలి. డబ్బాకి మూడు చొప్పున అరవై ఎలుకలు.

నేను చూడలేదు. చురుగ్గా తిరుగుతున్నవాటికి నీలం కార్డు పెట్టా. మూల నక్కినవాటికి తెల్లది. మందు పనిచేస్తే చురుగ్గానే ఉంటాయి కదా! బద్ధకం అని ఇన్నాళ్లూ సర్ది చెప్పుకున్నా. బద్ధకం కాదు. ఆశ.

మేడమ్ కార్డులు చూసి లెక్క వేసింది. మర్నాడే కబురు వెళ్లింది. అక్కకి మందు మొదలైంది. "మా ఎలుకల డాక్టరమ్మ ముందే చెప్పింది, తిరుగులేదు," అన్నాడు బావ నన్ను చూపించి అందరితో.

రెండో నెలకి అక్కకి మాట పడిపోయింది. తల ఎడమకి వాలిపోయింది. నీళ్లు కావాలంటే మంచం పక్కన స్టీలు గ్లాసు మీద గోరుతో మూడుసార్లు కొట్టేది.

ఇక ఉండబట్టలేక, ఓ మధ్యాహ్నం చెవులు చూద్దామని గదిలోకి వెళ్లా. లెక్క అయిపోయినా ఆ ఎలుకల్ని ఇంకా అక్కడే ఉంచారు.

తలుపు దానంతట అదే మూసుకుంది. అది మామూలే. కానీ ఎప్పుడూ వినబడే గోళ్ల గరగర లేదు. ఫ్యాను చప్పుడొక్కటే. ఎర్ర వెలుతురుకి కళ్లు అలవాటు పడ్డాక చూశా.

అరవై ఎలుకలూ డబ్బాల లోపలే, ముందు వైపు గోడకి ఆనుకుని, వెనక కాళ్ల మీద నిలబడి ఉన్నాయి. నా వైపే.

అరవై తలలూ ఎడమకి వాలి ఉన్నాయి.

నీళ్ల సీసా గొట్టం చివర ఓ స్టీలు గోళీ ఉంటుంది. ఎలుక నాకితే టక్కుమంటుంది. రోజంతా చినుకుల్లా వినే చప్పుడే అది.

టక్.

అన్ని సీసాలూ... ఒక్కసారే.

టక్. టక్.

ఆగాయి. ఒక్క ఎలుకా సీసా దగ్గర లేదు...

"అక్కా?" అన్నా.

టక్. టక్. టక్.

నీలం కార్డు డబ్బా తెరిచా. ఎలుక పారిపోలేదు. అరచేతిలో బరువుగా కూర్చుంది. చెవి చూశా. కుడి చిల్లు. ఇంకో డబ్బా. కుడి. ఇంకోటి... కుడి. తెల్ల కార్డువి చూశా. అన్నీ ఎడమే.

నీళ్లు తాగినవే గంతులేశాయి. మందు తాగినవి మూల నక్కాయి.

అక్కడినుంచే ఫోన్ చేశా. "బావా... ఇవాళ్టి మాత్ర వెయ్యకు."

"ఇప్పుడే వేశా. ఏమైంది?"

"ఇక వెయ్యకు బావా. నీకు దణ్ణం పెడతా."

"పనిచేస్తుందని నువ్వే కదా గంతులేశావ్!" గొంతు తగ్గించాడు. "గంట నుంచీ మీ అక్క గ్లాసు మీద కొడుతూనే ఉంది. నీళ్లిస్తే తాగట్లేదు. ఏం కావాలో అర్థం కావట్లేదు. విను..."

ఫోన్లో గ్లాసు. గదిలో సీసాలు. రెండూ ఒకే దెబ్బకి.

మేడమ్‌కి చెప్పా. "ఫలితాలు పంపేశాం కదమ్మా," అంది. అంతే. బావకి ఇప్పటికీ చెప్పలేదు. చెప్పే నోరు నాకు లేదు.

ఆ ఫోన్ తర్వాత తొమ్మిదో రోజున అక్క పోయింది. చివరిసారి తల దువ్వుతుంటే జుట్టు పక్కకి జరిగింది. ఎడమ చెవి. కమ్మ పెట్టుకునే చోట కాదు. పై అంచున, గుండ్రంగా, చిన్న చిల్లు. కొత్త గాయం కాదు. ఎప్పుడో మాని, అంచు గట్టిపడిపోయింది. ఎవరూ చూడకుండా జుట్టు కప్పేశా.

ఈ పొద్దున నా తల దువ్వుకుంటుంటే దువ్వెన పన్ను చెవి దగ్గర దేనికో తగులుకుంది. అద్దం దగ్గరికి వెళ్లలేదు. వేలితో తడిమి చూసుకున్నా.

కుడి చెవి. పోల్చి చూసుకోడానికి.