నిమిషానికో పలకరింపు

"మా నాయన అంచును ఎవరికి సూపించినావు?"

ఆదోనిలోని తన కంప్యూటర్ షాపులో లోకేష్ తలెత్తేసరికి గుమ్మంలో హేమ. ఎమ్మిగనూరు బస్సు దిగి వానలో నడిచొచ్చింది. జడ నుంచి నీళ్లు కారుతున్నాయి. ఎప్పుడూ "మీరు" అనే పిల్ల నువ్వులోకి దిగిందంటే వ్యవహారం ముదిరినట్టే.

"ముందు కూర్చో."

"కూసునేకి రాలేదు."

ఎమ్మిగనూరు చేనేత సంఘానికి వెబ్‌సైట్ చేసిచ్చింది లోకేష్. దాన్ని చూసుకునేది హేమ. ఆమె నాన్న మాదన్న ఆరు నెలలు కష్టపడి ఒక కొత్త చీర అంచు తయారుచేశాడు. తొలి చీర మగ్గం దిగేదాకా కొత్త అంచు మీద గుడ్డ కప్పి ఉంచుతారు. ఇంటివాళ్లు తప్ప ఎవరూ చూడకూడదు. అది ఆ ఇంటి కట్టుబాటు. సైట్‌లో పేజీ సిద్ధం చేయాలని నాన్నను బతిమాలి, హేమ ఒక్క లోకేష్‌కే ఫొటో ఇచ్చింది. ఆ పేజీని ఇంకెవరికీ కనబడకుండా దాచింది.

ఇప్పుడు ఫోన్ అతని ముందుకు తోసింది. సైట్‌కు ఎవరొచ్చారో చూపించే పట్టిక అది. దాచిన పేజీకి ఆదోని నుంచి రిక్వెస్టులు. నిమిషానికొకటి, నాలుగు రోజులుగా.

"ఇన్ని మార్లు ఎవరు సూస్తాండారు? పవర్‌లూమోళ్లకు పోయిందని సంఘంలో బాలరాజు మామ అంటాండాడు. నాలుగింటికి మీటింగు. అంచు బయటికి పోయింటే ఇంగ ఏ మగ్గం మీదా దాన్ని నేయించరంట. నిన్ను నమ్మమని నాయనకు నేనే సెప్పినా..."



లోకేష్ పట్టికను మీదికీ కిందికీ జరిపి చూశాడు. సంగతి అతనికి అర్థమైంది. సగమే చెప్పాడు.

"ఇవి సూసినవి కాదు హేమా. పేజీ తెరిచి అట్నే వదిలేస్తే, అది నిమిషానికోసారి 'ఇంకా తెరిచే ఉండాను' అని వెనకనుంచి సర్వర్‌కు సెప్తాంటాది. ఈడ సూడు, ఫొటో వచ్చింది ఒక్క మారే. తక్కినవన్నీ ఉత్త పలకరింపులు."

"ఎట్ల నమ్మాల?"

"ఆపి సూపిస్తా."

మానిటర్ తన వైపు తిప్పుకుని ఒక ట్యాబ్ మూశాడు. ఇద్దరూ ఫోన్‌నే చూశారు. ఒక నిమిషం. రెండు. ఐదు. కొత్త రిక్వెస్టు రాలేదు.

హేమ గుండెలో బరువు దిగింది. వెంటనే ఇంకో బరువు ఎక్కింది.

"అంటే తెరిచి పెట్టుకున్నది నువ్వే! ఎందుకు? కాపీ కొట్టేకా?"

లోకేష్ పేజీ మళ్లీ తెరిచి మానిటర్ ఆమె వైపు తిప్పాడు. ఫొటోలో ఒక మూల, అంచు సర్దుతూ నవ్వుతున్న హేమ.

"అంచు రంగేందని అడిగితే నాకు తెలీదు. నువ్వు బస్సెక్కి పోతే మళ్లీ ఎప్పుడొస్తావో తెలీదు. మూయబుద్ధి కాలేదు. నువ్వంటే నాకు ఇష్టం హేమా."

హేమకు నవ్వూ కోపమూ ఒకేసారి వచ్చాయి. "ఈ మాట మీటింగులో ఎట్ల సెప్పేది?"

"నేనే వచ్చి సెప్తా."

చెప్పాడు. ట్యాబ్ ఎందుకు మూయలేదో కూడా చెప్పాడు, తల వంచుకుని.

"నాలుగు దినాలా!" అన్నాడు బాలరాజు. సంఘమంతా నవ్వింది. మాదన్న మాత్రం నవ్వలేదు. హేమ చున్నీ కొస నలుపుతూ నాన్న ముఖమే చూస్తోంది.

"ఇంటికి రా అప్పా," అని లేచాడు మాదన్న.

 ఇంట్లో మగ్గం దగ్గర ఆగి, మాదన్న గుడ్డ తీసి పక్కన పెట్టాడు.

"ఈసారన్నా అంచు సూడు."

తొలి చీర ఇంకా సగమే అయింది.