యారాడ డాబా మీద జెల్ బిళ్ళలు

"ఏటి చేశావు నువ్వు?"

ధనశ్రీ అరుపుకి పిట్టగోడ మీది కాకులు లేచిపోయాయి.

కోటికి అర్థం కాలేదు. ఈ పిల్ల మెచ్చుకుంటుందనే కదా అంత శ్రద్ధగా చేశాడు!

"రోజూ తిరగేసేనండి. ఒక్కటీ వదల్లేదు."

ధనశ్రీ మెట్టు మీద కూలబడింది.

ఆమెది పద్మనాభం ఊరు. సిటీలో ల్యాబ్‌లో రీసెర్చ్. కాలిన గాయాల మీద పట్టీగా వేయడానికి, నీటిని పట్టి ఉంచే మెత్తటి జెల్ బిళ్ళలు చేస్తుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలకి వాటి పై పొర ఎంత గట్టిపడుతుందో తేల్చాలి. అడ్డులేని ఎండ కోసం వెతికి, సముద్రం ఒడ్డున యారాడలో ఈ డాబా చూసింది. కోటి తల్లి అసిరమ్మ "ఎట్టుకో తల్లీ" అంది. ధనశ్రీ ఎండ దూరే మూతల డబ్బాల్లో బిళ్ళలు పెట్టి వెళ్ళింది.

ఎండలో పెట్టింది ఏదైనా జాలరి ఇంట్లో తిరగేస్తారు. కోటి వేట నుంచి రాగానే మూతలు తీసి అన్నీ బోర్లించేవాడు.

"రెండేపులా సమంగా ఎండేయి కదండీ?"

"అవి ఎండబెట్టే నెత్తళ్ళ చేపలు కావయ్యా! పైన ఎండ తగలాలి, అడుగు మెత్తగా ఉండాలి. రెండూ పోల్చి చూడాలి. ఇప్పుడు మా సార్‌కి ఏం చూపించను?"

అసిరమ్మ పైకి వచ్చింది. "ఆడికి తెలీదమ్మా. తిట్టు. తిట్టేక అన్నం తిను."

ఏడుపులోనే ధనశ్రీకి నవ్వొచ్చింది.

సార్ ఇంకొక్క అవకాశం ఇచ్చారు. వానలు మొదలయ్యేలోగా ముగించాలి, లేకపోతే ఆ పని వేరేవాళ్ళకి పోతుంది. ఈసారి ధనశ్రీ కొండ దాటే బస్సెక్కి రోజూ తనే వచ్చింది. కోటి పిట్టగోడ మీద, డబ్బాలకి దూరంగా కూర్చునేవాడు.

"నీ చేతులు ఎక్కడున్నాయి?"

"జేబుల్లో ఉన్నాయండీ. కావలిస్తే తాడుతో కట్టేయండి."

ఒక మధ్యాహ్నం డాల్ఫిన్స్ నోస్ కొండ మీద మబ్బు కమ్మి, ఉరుము లేకుండానే వాన దిగింది. కోటి డబ్బాలన్నీ చొక్కా కింద కప్పి లోపలికి తెచ్చాడు. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి.

"ఒక్కటీ తిరగెయ్యలేదండి. ఒట్టు."

ధనశ్రీ డబ్బాల వంక చూడలేదు. తన చున్నీ అందించింది.

బిళ్ళలు తీసుకెళ్ళిన వారం తర్వాత మళ్ళీ డాబా ఎక్కింది. "పైపొర గట్టిపడింది, అడుగు మెత్తగానే ఉంది. సార్ ఒప్పుకున్నారు!"

కోటి నవ్వబోయాడు. రాలేదు.

"అయితే ఇంక రారేటి?"

"పని అయిపోయింది కదా."

"నానింకో తప్పు సేసుంటే బాగున్ను."

ధనశ్రీ అతని పక్కనే కూర్చుంది. "ఆ మొదటి తప్పే చెయ్యకపోతే, డబ్బాలు సర్దుకుని పోయేదాన్ని. నీ పేరు కూడా గుర్తుండేది కాదు కోటీ. ఆ పాడైన బిళ్ళలకి రోజూ దణ్ణం పెట్టుకుంటున్నాను."

కోటి ఆమె వైపు తిరిగాడు.

"మా నాన్న కింద ఉన్నారు. మీ అమ్మతో మాట్లాడుతున్నారు."

కింద ఇద్దరూ ఒక్కసారిగా నవ్వారు. వెంటనే అసిరమ్మ కేక.

"ఒరే కోటీ! మీ మావగారికి మంచినీళ్ళు అట్టుకురారా!"

కోటి కదల్లేదు. ముందు ధనశ్రీకి రెండు చేతులూ జోడించాడు. తర్వాత మెట్లమీద పరుగు తీశాడు.