ఉమ కొలిచిన స్పీడు

"ఉమా, మన నెట్టు ఏ పూట బాగుంటది? మీ నాయన అడుగుతుండాడు," అంది రమణమ్మ, ఫోన్ చెవి దగ్గర నుంచి తీయకుండానే.

నాయన చెన్నయ్య గొర్రెల మందను తోలుకుని దూరం మేపుకి పోయి రెండు నెలలు. సిగ్నల్ కావాలంటే మందను తోటివాళ్లకు అప్పగించి రోడ్డు దాకా నడవాలి. రోజుకు ఒక్కసారే కుదురుతుంది. మంచం పట్టిన నాయనమ్మ అంకాలమ్మకేమో చెవుడు, వట్టి మాటలు వినపడవు. కొడుకు మొహం చూడాలని ఒకటే కలవరింత.

ఉమ నోట్‌బుక్ తీసింది. "ఏ పూటైనా స్పీడు నలభై ఎనిమిదే అమ్మా! టెస్టు చేసి రాసినా."

బడిలో సార్ ఇంట్లో నెట్టు స్పీడును మూడు పూటలా కొలిచి రాయమన్నాడు. ఉమ పొద్దున ఒక్కసారి కొలిచి, మిగతా రెండు గడుల్లోనూ అదే అంకె వేసేసింది.

"అయితే సాయంత్రం ఏడింటికి వీడియో కాల్ చేస్తా," అన్నాడు నాయన ఫోన్లో.

ఏడయితే ఆ వీధిలో ఇంటింటా సీరియలే. పొద్దున మేకపిల్లలా గెంతే నెట్టు, అప్పుడు చూలు గొర్రె కొండెక్కినట్టు నడుస్తుంది. ఒకాయన ఆ పూట పెళ్లి వీడియో పంపితే, అది చేరేసరికి వాళ్ల బిడ్డ బడికి పోతోందట!

ఏడింటికి నాయన మొహం కనిపించింది. నోరు సగం తెరిచి, అట్లాగే ఆగిపోయింది.

"తిన్నావా నాయనా?" అంది నాయనమ్మ. మొహం కదల్లేదు. "ఏందే, వాడు ఉలకడు పలకడు? నా మీద కోపమా?"

"కోపం కాదత్తా, నెట్టు!" అని రమణమ్మ అరిచింది. నాయనమ్మకు వినపడలేదు. కాల్ తెగిపోయింది.

"రేపు పొద్దున మళ్లీ చేస్తాలే," అన్నాడు నాయన మామూలు ఫోన్లో.

తెల్లవారేసరికి నాయనమ్మ లేదు.

బస్సులు మారి నాయన వచ్చాడు. "మాయమ్మ ఏమన్నా అనిందా?" అని అడిగాడు.

"తిన్నావా అనింది." ఉమ వెక్కింది. "నాయనా, సాయంత్రం నేను కొలవలా. ఊరికే రాసినా."

నాయన బిడ్డ తల మీద చెయ్యి వేసి, అట్లాగే కూర్చున్నాడు.

నెల తర్వాత పక్కింటి ఏసమ్మ వచ్చింది. "పాపా, మా కొడుకు జయపాల్ వీడియో కాల్ చేస్తాడంట. మీ నెట్టులో ఏ పూట బాగా కనపడతాడు?"

ఉమ నోటిదాకా వచ్చిన మాటను ఆపుకుంది. "రేపు చెప్తా అవ్వా."

మరునాడు మూడు పూటలా కొలిచింది. సాయంత్రం ఏడింటికి స్పీడు ఒక్కటే వచ్చింది. చాలాసేపు దాన్నే చూసింది. కళ్లు తుడుచుకుని, ఆ ఒకటిని ఒకటిగానే రాసింది.

"పొద్దున్నే చెయ్యమను అవ్వా. సాయంత్రం వద్దు."