అమావాస్య నాడు మగ్గం ముట్టరు

శ్రావ్య అతనితో అన్న మొట్టమొదటి మాట: "మీ యాప్ చచ్చిపోయింది. వచ్చి ఎత్తుకపోండి."

అది ధర్మవరంలో నలభై ముగ్గురు నేతగాళ్లు కలిసి పెట్టుకున్న సంఘం ఆఫీసు. పెళ్లి చీరల ఆర్డర్లు రాసుకోవడం, ఏ మగ్గానికి ఏది ఇవ్వాలో చూడటం శ్రావ్య పని. యాప్ రాసిన జయరాముడిది పెనుకొండ. హిందూపురంలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం. పొద్దున్నే రైల్లో నిలబడి వచ్చి, గుక్కెడు నీళ్లైనా తాగకముందే ఈ అక్షింతలు పడ్డాయి.

"చావలేదండీ. కనెక్షన్ దొరకలేదు, అంతే."

"మాకు రెండూ ఒకటే."

అరగంటలో తప్పు దొరికింది. నేతగాడు ఫోన్ ముట్టుకున్నప్పుడల్లా యాప్ డేటాబేసుకు కొత్త కనెక్షన్ తెరుస్తోంది, పాతది మూయడం లేదు.

"వచ్చిన చుట్టం లేచి పోకుంటే కొత్త చుట్టానికి చాప యాడుంటుంది?" అన్నాడు జయరాముడు.

శ్రావ్యకు నవ్వొచ్చింది. నవ్వితే కస్టమరు బెట్టు పోతుందని ఆపుకుంది. "ఇంతకూ మా ఆర్డర్లు యాడుంటాయి?"

"సర్వరు మెమరీలో. డిస్కు మీద వెతికే పని లేదు, అడిగిన వెంటనే చెప్తుంది. ఈడ మీకు సిగ్నల్ అంతంతమాత్రం కదా, అందుకని."

"అడిగేదెవరు?"

"క్లయింట్ లైబ్రరీ అని ఒకటి ఉంటుంది. యాప్ మాట ఆడ డేటాబేసుకు చెప్తుంది, ఆడి మాట తెచ్చి యాప్‌కు చెప్తుంది."

"అంటే మధ్యవర్తి. అబద్ధాలు చెప్పదా?"

"చెప్పదు. మనం ఏం చెప్పమంటే అంతే."

"అయితే మనుషులకన్నా నయం," అని ఈసారి నవ్వేసింది. జయరాముడి పని అక్కడే అయిపోయింది.

ఆ తరువాత ఆ యాప్‌కు వారానికొక జబ్బు చేసేది. సోమవారం వచ్చిందంటే చాలు, డాక్టరు ధర్మవరంలో రైలు దిగేవాడు. 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది.

ధర్మవరంలో వాన పడటమే ఒక వింత. అలాంటిది ఒక సోమవారం దబదబా కురిసింది. ఆఫీసు వసారాలో ఇద్దరూ చిక్కుకుపోయి, శ్రావ్య డబ్బాలోని చిత్రాన్నం పంచుకున్నారు.

"ఒకటి చెప్తా, రాసుకో," అంది శ్రావ్య. "అమావాస్య నాడు మా వాళ్లు మగ్గం ముట్టరు. తుడిచి, పూజ చేసి, ఊరికే కూచుంటారు. ఫోన్లో బటన్ కూడా నొక్కరు."

"ఊఁ."

"ఊ కొట్టడం కాదు. రాసుకో."

రాసుకున్నాడు. పుస్తకంలో రాసుకున్నాడు, కోడ్‌లో రాయలేదు. ఆమె చెంప మీద నిలిచిన చినుకు ఎప్పుడు జారుతుందా అని చూస్తున్నవాడికి ఆ రెండింటికీ తేడా ఏం తెలుస్తుంది?

శ్రావ్య నాయన పెద్దప్ప ఆ సంఘానికి పెద్ద. కూతురి వాలకం రెండు నెలలకే కనిపెట్టి, జయరాముడిని ఇంటికి పిలిపించాడు. మగ్గం మీద నుంచి లేవకుండానే అడిగాడు.

"ఏమప్పా, వారం వారం వస్తాండావు. యాప్ కోసమేనా?"

జయరాముడు మగ్గం మీది చీర వైపు చూశాడు.

"నీ కులమేందో నేను అడగను. చీరలు కొనే అంగళ్లోళ్లు మాకు ఎన్నో మాటలు చెప్పి తప్పినారు. ఉగాది దాకా ఈ నలభై మూడు మగ్గాలూ నీ యాప్ మీద నడిపించు. అప్పుడు మీ నాయనను పిల్చకరా. పిల్లనిస్తా."

జయరాముడు ఆ రోజు నుంచే ఆయనను మామా అని పిలవసాగాడు. కోతి కొమ్మచ్చి ఆడే వయసు దాటినవాడు, స్టేషను దాకా దాదాపు ఎగురుకుంటూ వెళ్లాడు.

మాఘమాసంలో సర్వరు మెమరీ నిండసాగింది. ఇంకా పెద్ద సర్వరు అంటే కంపెనీ ఓనరు రామమోహన్ వినడు. జయరాముడు ఒక ఉపాయం చేశాడు. నేతగాడు రోజూ 'మగ్గం నడుస్తోంది' అనే బటన్ నొక్కుతాడు. నొక్కినప్పుడల్లా ఆ ఆర్డరుకు ఇంకొక రోజు ఆయుష్షు. రోజంతా ఎవరూ నొక్కకపోతే అది ఎవరో వదిలేసిన ఆర్డరు కింద లెక్క, దానంతటదే చెరిగిపోతుంది. కోడ్‌లో ఒక్క లైను. మెమరీ తేలికపడింది, రామమోహన్ భుజం తట్టాడు.

నాలుగో రోజు అమావాస్య.

మరునాడు పొద్దున నలభై మూడు ఫోన్లూ ఖాళీగా తెరుచుకున్నాయి. మగ్గం మీద సగం నేసిన చీర ఏ ఊరి పెళ్లికూతురిదో, ముహూర్తం ఎప్పుడో, ఎవరికి ఫోన్ చేయాలో ఏమీ లేదు. డిస్కు మీదిదైతే గాలించి చూడొచ్చు. మెమరీలోంచి పోయింది పోయిందే. వారం తిరక్కముందే పదకొండు పెళ్లిళ్ల వాళ్లు తిట్టిపోసి అంగళ్లకు వెళ్లిపోయారు.

సంఘానికి రామమోహన్ ఉత్తరం పంపాడు: 'అమావాస్య సెలవు సంగతి మీ ఆఫీసు వాళ్లు మాకు తెలియజేయలేదు.' మీటింగులో అందరూ శ్రావ్య వైపు తిరిగారు.

ఆ సాయంత్రం ఆమె ఫోన్ చేసింది.

"జయరాం, నేను నీకు చెప్పినానా? చెప్పినట్లే ఉండాది. వాన రోజు. లేకుంటే చెప్పాలనుకుని మరిచిపోయినానా?"

పుస్తకం అతని ముందే తెరిచి ఉంది. ఔనంటే తప్పు తనది, పెద్దప్ప మాట పోతుంది, శ్రావ్య పోతుంది.

"గుర్తు లేదు శ్రావ్యా," అన్నాడు.

"అయితే చెప్పలేదేమోలే," అని పెట్టేసింది.

ఆమెను ఆ పనిలోంచి తీసేశారు. నోటుబుక్కు చంకన పెట్టుకుని ఇంటింటికీ తిరిగి, నేతగాళ్లకు గుర్తున్నదంతా రాసుకోసాగింది. కొందరు వాకిట్లోనే నిలబెట్టి మాటలన్నారు. జయరాముడికి ఇదంతా తెలుస్తూనే ఉంది. తనంత పిరికివాడు పెనుకొండలో పుట్టి ఉండడని తనకే అనిపించింది. అయినా రేపు చెబుదాం, రేపు చెబుదాం అంటూ పది రోజులు గడిపాడు. పదకొండో రోజు హిందూపురం ఆఫీసుకు పోకుండా ధర్మవరం రైలెక్కాడు.

పెద్దప్ప ఇంట్లో ముగ్గురూ ఉన్నారు. శ్రావ్య మూలన కూర్చుని రాసుకుంటోంది. ఆమె అమ్మ రాజేశ్వరమ్మ బియ్యం ఏరుతోంది.

"తప్పు నాది మామా," అన్నాడు జయరాముడు నిలబడే. "శ్రావ్య చెప్పింది. నేను రాసుకున్నా కూడా. కోడ్‌లో పెట్టలేదు. ఇదో పుస్తకం."

పెద్దప్ప ఆ పేజీని చాలాసేపు చూశాడు. జయరాముడు తన్నులకైనా సిద్ధపడే వచ్చాడు.

"ఉద్యోగం పోతుందేమో కదప్పా నీకు?"

"పోతే పోనీ."

"అంగళ్లోళ్లు ముప్పై ఏండ్లలో ఒక్కసారి కూడా తప్పు మాది అనలేదు." పెద్దప్ప భార్య వైపు తిరిగాడు. "రాజేశ్వరీ, పిల్లోనికి కాఫీ ఇయ్యి. యాప్ పోతే పోయింది, మనిషి దొరికినాడు. ఉగాదికి మీ నాయనను పిల్చకరాప్పా."

జయరాముడి కళ్లు చెమర్చాయి. శ్రావ్య తలెత్తలేదు.

అతన్ని సాగనంపడానికి వీధి మలుపు దాకా వచ్చింది.

"మీ నాయన ఒప్పుకున్నాడు," అన్నాడు.

"విన్నా."

"నీకు కోపం పోలేదు."

"తప్పు రాసినందుకు కోపమేం లేదు. మా నాయన కూడా పోగు తప్పుతాడు, విప్పి మళ్లా నేస్తాడు. ఆ పొద్దు నేను ఫోన్లో అడిగినప్పుడు నీకు గుర్తు ఉండిందా?"

అతను నేల వైపు చూశాడు. "ఉండింది."

శ్రావ్య చేతికి ఎర్ర దారంతో కట్టిన తాయెత్తు చూపించింది. "పిల్లకు మతిమరుపు పట్టిందని అమ్మ కట్టించింది. నేనూ కట్టించుకున్నా, నిజమే అనుకుని. పది రోజులు నా మీద నాకే నమ్మకం పోయింది, జయరాం. నువ్వు పోగొట్టినావు."

"నువ్వు నాకు దక్కవేమో అని భయం."

"నన్ను దక్కించుకునేకి నన్నే పిచ్చిదాన్ని చేసినావా?"

ఆటో వచ్చి ఆగింది.

"పో. యాప్ మాత్రం సరిగ్గా చేయి. ఉగాది ముందర ఇంకో అమావాస్య ఉండాది," అని వెనక్కి తిరిగింది.

చేశాడు. ఆ ఒక్కరోజు గడువు తీసేసి, ప్రతి ఆర్డరూ డిస్కు మీద కూడా పడేటట్లు రాశాడు. ఆ అమావాస్యకు ఒక్క ఆర్డరూ చెరగలేదు. ధర్మవరం వెళ్లే పనీ పడలేదు.

ఉగాది నాడు పెద్దప్ప ఫోన్ చేశాడు.

"ఏమప్పా, నలభై మూడూ నడుస్తాండాయి. మీ నాయనను పిల్చకరమ్మంటినే, యాడుండావు? పిల్లనడిగితే వద్దంటాది, ఎందుకో చెప్పదు. నువ్వన్నా చెప్పు."

ఆమె చెప్పలేదు. తన పరువు ఇంకా ఆమె చేతిలో భద్రంగానే ఉందని జయరాముడికి అప్పుడు అర్థమైంది. ఆ క్షణంలో ఏ అబద్ధం చెప్పినా చెల్లుతుంది.

"మీటింగు రోజు శ్రావ్య నాకు ఫోన్ చేసి, అమావాస్య సంగతి నేను నీకు చెప్పినానా అని అడిగింది. నాకు గుర్తుండింది. గుర్తు లేదన్నా."

"అట్లనా," అన్నాడు పెద్దప్ప. "అయితే పిల్ల మాటే నా మాటప్పా."

ఫోన్ పెట్టేశాడు. వంటింట్లోంచి అమ్మ, ఫోన్లో ఎవరని అడిగింది. ధర్మవరం వాళ్లని చెప్పి, జయరాముడు బయటికి వెళ్లిపోయాడు.