గండిశిలను విడిచిన సేనాని

పాలవాక నదికి ఈవలి గట్టున, కనుచూపు మేర గుడారాలు పరచుకొని, సిరిపుర సేనలూ వారికి తోడువచ్చిన కొండవాడ సేనలూ విడిసి ఉన్నాయి. ఏనుగుల ఘీంకారాలతో నేల దద్దరిల్లుతుండగా, ఆవలి గట్టున సిరిపురానికి చెందిన గండిశిల దుర్గం మీద నల్లని పొగ లేస్తున్నది. దేవగొండ రాజు తన బలగమంతటితో ఆ కోటను ముట్టడించి నెల దాటింది. లోపల కోటను కాస్తున్నది మైలమాంబ. ఈవల నిలిచి ఆ పొగను చూస్తున్నవాడు ఆమె భర్త, సిరిపుర సేనాని అన్నెమ నాయకుడు.

రాజు డేరాలో మిత్రుల మధ్య మాట కలియలేదు.

"పగవాని బలమంతయు ఇచటనే చిక్కుకొన్నది. వాని రాజధాని దేవగొండ కావలిలేని చేనువలె పడియున్నది. అటు నడతము. ఈ ఏరు దాటబూనితిమా, సగము సేన నీటిపాలగును. నా బిడ్డలనందుకు పంపజాలను" అన్నాడు కొండవాడ ప్రభువు మాచరసు.

సిరిపుర రాజు నాగభూపాలుని ముఖం జేవురించింది. "మనలను నమ్మినవారిని ఎరగా విడిచిపోదుమా? అది పొత్తు కాదు, పాతకము!"

అన్నెమ ప్రాభవం చూసి ఏనాటినుంచో కుమిలిపోతున్న మంత్రి కేతనామాత్యుడు అప్పుడు మెల్లగా లేచాడు. "ప్రభూ, కోటలోనున్నది సేనాని ఇల్లాలు. సేనానినే అడుగుడు."

ఏరు దాటుదామంటే ఆలికోసం సేనను ముంచాడంటారు. పోదామంటే ఆమె బతకదు. అన్నెమకు ఉచ్చు కనిపించింది. మాచరసు చెప్పినదే సరైన వ్యూహమని కూడా తెలుసు. ఎవరో పరాయివాడు తన గొంతుతో పలికినట్టు మాట వెలువడింది.

"దేవగొండకే నడతము, ప్రభూ."

దేవగొండ లొంగింది. అయితే ఆ సింహాసనం ఎవరిదని మిత్రులిద్దరూ కొలువులో వాదులాడుకుంటూ కూర్చున్నారు. అన్నెమ తన రౌతులను మాత్రం తీసుకొని గండిశిలకు మళ్లాడు. అప్పటికే శత్రుసేన కోట గోడ కూల్చి, లోపల కత్తికి ఎదురైనవారినందరినీ నరికి, తమ రాజధాని పోయిన వార్త విని చెదిరిపోయింది.

బురుజు నీడలో గాయాలతో పడివున్న ముసలి కోటకావలి పోతినాయుడు అతణ్ణి గుర్తుపట్టాడు.

"మైలమాంబ నన్నేమన్నది?" అని అడిగాడు అన్నెమ.

"మీ దండు గట్టు విడిచిపోతుంటే మేమంతా గుండెలు బాదుకున్నాం, దొరా. అమ్మగారు మాత్రం, 'దేవగొండకే పోతున్నారు, నేనైనా అదే చేసేదాన్ని. వారక్కడికి చేరేదాకా ఈ పగవాణ్ణి కదలనీయకండి' అన్నారు. కదలనీయలేదు, దొరా."

మరునాడు నాగభూపాలుడు వచ్చి, అందరి ఎదుట సేనానిని కౌగిలించుకొని, "ఈ గెలుపు మీ దంపతులది" అన్నాడు. కేతనామాత్యుడు తల ఎత్తలేదు. అన్నెమ చేతులు జోడించాడు. ఆ మాటలు చెవిని తాకాయిగాని లోపలికి దిగలేదు. ఏడుపు రాలేదు. ఆమె ఎక్కడ పడివున్నదో ఎవరినీ అడగలేదు. శవాలను మోస్తున్నవారిలో కలిసి, ముఖం చూడకుండానే, దగ్గరున్న కాళ్లు పట్టుకొని పైకెత్తాడు.